గోడ కన్నా బొట్టు కష్టం

దుబాయ్ శివార్లలోని వర్సాన్‌లో మునిసిపాలిటీ వాళ్ల రెండంతస్తుల భవనం ఒకటుంది. ఎత్తు 9.5 మీటర్లు, విస్తీర్ణం 640 చదరపు మీటర్లు. 2019లో దాని గోడలను ఒక యంత్రం పొర మీద పొర వేసుకుంటూ అచ్చు వేసింది. ఎపిస్ కోర్ అనే సంస్థ తెచ్చిన ఆ ప్రింటర్‌ను క్రేన్‌తో ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుతూ, పైన పందిరైనా లేకుండా ఆరుబయటే పని కానిచ్చారు. అంతకు మూడేళ్ల ముందు, 2016 మేలో, ఎమిరేట్స్ టవర్స్ దగ్గర ‘ఆఫీస్ ఆఫ్ ద ఫ్యూచర్’ తెరుచుకుంది. దాని భాగాలను చైనాలో 20 అడుగుల ఎత్తు, 120 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఉన్న ప్రింటర్ మీద 17 రోజుల్లో పోసి, ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. 2030 నాటికి కొత్త కట్టడాల్లో 25 శాతం ఇలాగే లేవాలని దుబాయ్ ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది.

అదే ఊళ్లో బర్ దుబాయ్ వైపు, ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు పొడవునా కంప్యూటర్ దుకాణాలే. మోటార్లు, బెల్టులు, సర్క్యూట్ బోర్డులు, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్లు, అన్నీ ఆ నగరంలో కొనుక్కోవచ్చు. వాటితో పని తెలిసిన మన తెలుగు ఇంజనీర్లూ టెక్నీషియన్లూ అక్కడ తక్కువేం కాదు. వాళ్లలో ఒకరు, ఏ4 కాగితం మీద నాలుగు వాక్యాలు అచ్చేసే ఇంక్‌జెట్ ప్రింటర్‌ను సొంతంగా తయారు చేసి, ప్రతి భాగం నక్షానూ ప్రపంచానికి ఉచితంగా ఇవ్వాలని సంకల్పించారనుకుందాం. ఇల్లు అచ్చేసే యంత్రం కట్టేవాళ్లకు ఎదురవని చిక్కులు ఈ మనిషికి ఎదురవుతాయి. వర్సాన్ భవనాన్ని నిలబెట్టిన సూత్రం కన్నా, చవకగా దొరికే సాదా ప్రింటర్‌లోని సూత్రం చాలా సున్నితమైనది.

గోడలు అచ్చేసే యంత్రం జంతికల గొట్టం లాంటిది. ముద్దను ఒత్తిడితో రంధ్రంలోంచి నెట్టడం, గొట్టాన్ని కావలసిన దారిలో తిప్పడం, అంతే. బల్ల మీద పెట్టుకునే ప్లాస్టిక్ త్రీడీ ప్రింటర్‌దీ ఇదే పద్ధతి. ఈ పద్ధతి మీది ముఖ్యమైన పేటెంటు 2009లో ముగిసింది. ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ 2005లోనే ‘రెప్‌రాప్’ పేరుతో అందరికీ తెరిచిన నక్షాలను తయారు చేయడం మొదలుపెట్టి ఉన్నారు. పేటెంటు తొలగగానే ఊరూరా వర్క్‌షాపుల్లో ఆ యంత్రాలు పుట్టాయి. పుట్టగలగడానికి అసలు కారణం చిన్నది: ఆ ప్రింటర్ ముక్కు రంధ్రం 0.4 మిల్లీమీటర్లు. ఇత్తడి ముక్కలో అంత రంధ్రం మామూలు లేతు దగ్గర పెట్టొచ్చు. పాడైతే ఇంకొకటి చేసుకోవచ్చు. యంత్రంలో అత్యంత కీలకమైన భాగాన్ని మనిషి చేతులు అందుకోగలిగాయి.

ఇంక్‌జెట్ నాజిల్ వ్యాసం 10 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70. ఆ రంధ్రంలోంచి ఊడిపడే బొట్టు కొన్ని పికోలీటర్లు మాత్రమే ఉంటుంది. ఒక్కో బొట్టు 10 పికోలీటర్లు అనుకుంటే ఒక మిల్లీలీటరు సిరాలో పది కోట్ల బొట్లు. అవి సెకనుకు 5 నుంచి 10 మీటర్ల వేగంతో, వేలసార్లు, ప్రతిసారీ ఒకే పరిమాణంలో, ఒకే దిశలో పోవాలి. ఏ4 కాగితాన్ని అంగుళానికి 600 చుక్కల చొప్పున గళ్లుగా విడగొడితే దాదాపు మూడున్నర కోట్ల గళ్లు వస్తాయి. ఏ గడిలో బొట్టు పడాలి, ఏ గడి ఖాళీగా ఉండాలి అన్నది తప్పకూడదు.

ద్రవపు ధార తనంతట తాను బొట్లుగా ఎందుకు తెగుతుందన్న ప్రశ్న ఈ యంత్రాల కన్నా చాలా పాతది. ఫ్రాన్సులో సావార్, బెల్జియంలో ప్లాటో, చివరికి 1878లో ఇంగ్లండ్‌లో లార్డ్ రాలీ దీనిని తేల్చారు. తలతన్యత ద్రవపు ఉపరితలాన్ని వీలైనంత కుదించాలని చూస్తుంది. ధార చుట్టుకొలత కన్నా పొడవైన అల ఏది పుట్టినా అది పెరిగి పెరిగి ధారను నొక్కేస్తుంది. అక్కడ తెగి బొట్టవుతుంది. ఈ జ్ఞానం యంత్రంగా మారడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది. స్వీడన్‌లో రూనె ఎల్మ్‌క్విస్ట్ గుండె స్పందనల గీతలు గీయడానికి సిరాను చిమ్మే రికార్డర్‌ను తయారు చేసి, 1951లో పేటెంటు పొందారు. మనిషి శరీరంలో అమర్చిన మొదటి పేస్‌మేకర్‌ను 1958లో తయారు చేసింది కూడా ఆయనే. సన్నని ధారనూ గుండె లయనూ ఒకే మనిషి పట్టుకోవడం నాకెప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

ధారను ఆగకుండా చిమ్ముతూ, బొట్లకు విద్యుదావేశం ఇచ్చి దారి మళ్లించే పద్ధతిని 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్ సాధించారు. ఎమిరేట్స్‌లో మీరు తాగే నీళ్ల సీసా మీద చుక్కలు చుక్కలుగా కనిపించే తయారీ తేదీ ఈ కుటుంబపు యంత్రాల పనే. ఇంటి ప్రింటర్‌కు మాత్రం కావలసినప్పుడే ఒక బొట్టు రావాలి. దానికి రెండు దారులు దొరికాయి. విద్యుత్తు తగలగానే వంగే పీజో పలకతో సిరా గదిని నొక్కడం ఒకటి. ఎప్సన్ ఆ దారిన వెళ్లింది. రెండోది 1977లో కెనాన్‌లో ఇచిరో ఎండో కంటపడింది. సిరా నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ తగిలితే, సూది మొన నుంచి సిరా చిమ్మింది. రెండేళ్లకు అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డ్ (హెచ్‌పీ)లో జాన్ వాట్ విడిగా ఇదే ఆలోచనకు చేరారు. 1984లో ఆ సంస్థ ‘థింక్‌జెట్’ను అమ్మకానికి పెట్టింది. ప్రింట్‌హెడ్, సిరా కలిసి ఒకే చిన్న డబ్బా. దానికి 12 నాజిళ్లు, అంగుళానికి 96 చుక్కలు. ఈ 12 అంకెను గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఆ డబ్బా లోపల జరిగేది నిజంగా చిన్న విస్ఫోటనం. నాజిల్ వెనక ఒక సూక్ష్మ నిరోధకం ఉంటుంది. దానికి ఒకటి రెండు మైక్రోసెకన్ల పాటు కరెంటు ఇస్తే ఉపరితలం 300 డిగ్రీలు దాటుతుంది. దాన్ని అంటుకున్న పలుచని సిరా పొర ఒక్కసారిగా ఆవిరవుతుంది. బుడగ ఉబ్బి ముందున్న సిరాను బయటికి తోస్తుంది. వెంటనే కూలిపోతుంది. ఆ కూలడంలో పుట్టే దెబ్బ నిరోధకం మీదే పడుతుంది. అందుకే దాని మీద టాంటలమ్ లోహపు కవచం వేస్తారు. సిలికాన్ పలక మీద నిరోధకాలు, వాటి మీద రక్షణ పొరలు, పాలిమర్‌తో చెక్కిన గదులు, పైన లేజరుతో తొలిచిన నాజిల్ పలక, అన్నీ కంప్యూటర్ చిప్పులు చేసే తరహా కర్మాగారంలోనే తయారవుతాయి. లేతు ఇక్కడ పనికి రాదు. త్రీడీ ప్రింటర్ కూడా పనికి రాదు.

అందుకని ఇప్పటివరకు ఓపెన్ సోర్స్ ఇంక్‌జెట్ కోసం తపన పడ్డవాళ్లు దాదాపు అందరూ ఒకే రాజీ పడ్డారు. ప్రింట్‌హెడ్‌ను బజారులో కొన్నారు, మిగతాది తాము కట్టారు. అమెరికాలో వచ్చిన ‘ఇంక్‌షీల్డ్’ అనే బోర్డు థింక్‌జెట్ వారసత్వపు 12 నాజిళ్ల డబ్బాను, హెచ్‌పీ సీ6602ను, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో నడిపింది. నెదర్లాండ్స్ ఇంజనీరు ఒకరు ఇంకో అడుగు వేశారు. పొడి మీద ద్రవాన్ని చిమ్మి వస్తువులను కట్టే ‘ప్లాన్ బి’, ఆ తర్వాత ‘ఒయాసిస్’ అనే త్రీడీ ప్రింటర్లు చేసి నక్షాలు ఇచ్చారు. ఒయాసిస్‌లో వాడింది హెచ్‌పీ 45 డబ్బా. దానికి 300 నాజిళ్లు, అంగుళానికి 600 చుక్కలు, ఒక్క ఊపులో అర అంగుళం పట్టీ.

మూడు వందల నాజిళ్లకు మూడు వందల తీగలు లాగరు. నిరోధకాలను 22 వరుసలు, 14 నిలువులుగా కట్టి, ఏ వరుసా ఏ నిలువూ కలిసినచోట మాత్రమే కరెంటు పారేలా చేస్తారు. దీని వివరం తయారీదారు పత్రాల్లో మనకు దొరకదు. ఎవరో ఒకరు ఓపికగా మీటరు పట్టుకుని కాంటాక్టులన్నీ కొలిచి, పటం గీసి, ఇంకొకరికి ఇవ్వాలి. ఇచ్చారు కూడా. అక్కడితో అయిపోదు. కరెంటు పల్స్ రెండు మైక్రోసెకన్లకు బదులు కాస్త నిలిచిపోయిందంటే, ప్రోగ్రాములో దోషం వల్లగానీ బోర్డు మధ్యలో రీస్టార్ట్ అవడం వల్లగానీ, నిరోధకం కాలిపోతుంది. ఆ నాజిల్ ఇక లేవదు. అందుకే తెలిసినవాళ్లు సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోరు. పల్స్ పొడవును సర్క్యూట్‌లోనే బిగిస్తారు.

హెడ్‌ను కదిలించే ఏర్పాటు తేలిక అనిపిస్తుంది. లెక్క వేస్తే అంత తేలిక కాదు. అంగుళానికి 600 చుక్కలంటే చుక్కకూ చుక్కకూ మధ్య 42 మైక్రాన్లు. హెడ్ సెకనుకు అర మీటరు వేగంతో పోతోందనుకోండి. ప్రతి 85 మైక్రోసెకన్లకు ఒక కొత్త గడి వస్తుంది. కాగితానికీ నాజిల్‌కూ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ ఉండి, బొట్టు సెకనుకు 8 మీటర్ల వేగంతో దిగితే, అది కాగితాన్ని చేరడానికి 125 మైక్రోసెకన్లు పడుతుంది. ఈలోపు హెడ్‌తో పాటు బొట్టు కూడా పక్కకు 62 మైక్రాన్లు జరిగిపోతుంది. ఎడమ నుంచి కుడికి వెళ్లేటప్పుడు ఒకవైపు, తిరిగి వచ్చేటప్పుడు ఇంకోవైపు. రెండూ కలిపితే మూడు చుక్కల తేడా. నిలువు గీత రెండుగా చీలి కనిపిస్తుంది. కాగితం కాస్త ఉబ్బి ఖాళీ తగ్గినా తేడా మారుతుంది. స్టెప్పర్ మోటారు అడుగులు లెక్కపెట్టి దీన్ని సాధించడం కష్టం. అందుకే మామూలు ప్రింటర్లలో పారదర్శకమైన సన్నని గీతల పట్టీ ఒకటి అడ్డంగా సాగి ఉంటుంది. హెడ్ ఆ గీతలను చదువుతూ తానెక్కడుందో ఎప్పటికప్పుడు తెలుసుకుంటుంది. పాత ప్రింటర్ పారేసేముందు ఎవరైనా ఆ పట్టీని తీసి దాచుకోమంటాను.

కాగితం ఉబ్బడం అన్నాను. గల్ఫ్ తీరంలో ఇది మామూలు సంగతి. వేసవిలో బయట 40 డిగ్రీలు దాటిన వేడి, రాత్రిళ్లు ఒళ్లంతా తడిపే ఉక్క, గదిలో రోజంతా ఏసీ పొడిగాలి. బయటి తేమ పీల్చిన కాగితం ఏసీ గదిలోకి రాగానే అంచులు ముడుచుకుంటుంది. నాజిల్ మొన దగ్గర దీనికి వ్యతిరేక సమస్య. అక్కడ తెరుచుకుని ఉన్న సిరా ముఖం కొన్ని మైక్రాన్లే. పొడిగాలికి అందులోని నీరు ఆవిరైతే స్నిగ్ధత పెరుగుతుంది, తర్వాతి బొట్టు వంకరగా పోతుంది, ఇంకాస్త ఆగితే అసలు పోదు. తేమను పట్టి ఉంచే గ్లైకాల్ వంటివి సిరాలో కలుపుతారు. ఎక్కువ కలిపితే సిరా చిక్కబడి ఆవిరి బుడగ తోయలేదు, కాగితం మీద ఆరదు. వేడి పద్ధతికి నీటి కన్నా కొంచెమే చిక్కనైన సిరా కావాలి. చిక్కదనం, తలతన్యత, సాంద్రత, రంధ్రం వ్యాసం అన్నీ కలిపి కట్టిన ఒక నిష్పత్తి 1కీ 10కీ మధ్య ఉంటే బొట్టు బాగా వస్తుందని ద్రవశాస్త్రం చెబుతుంది. అంతకన్నా తక్కువైతే బొట్టు ఊడదు, ఎక్కువైతే వెనక తోక తెగి పిల్లబొట్లు చిందుతాయి. వాటికి తోడు నల్ల రంగు కోసం వేసే కార్బన్ కణాలు గడ్డకట్టకూడదు, వేడి నిరోధకం మీద మాడి అట్టు కట్టకూడదు, డబ్బాలో బూజు పట్టకూడదు.

కాబట్టి ప్రింటర్‌లో ఎవరి కంటా పడని మూల ఒకటి అన్నిటికన్నా ముఖ్యం. పని లేనప్పుడు హెడ్ వెళ్లి కూర్చునే రబ్బరు మూత, నాజిళ్లు తుడిచే పలుచని రబ్బరు పట్టీ, అప్పుడప్పుడు వృథాగా ఊదేసిన సిరాను పీల్చుకునే దిండు. సొంత ప్రింటర్లు చేసేవాళ్లు చాలామంది అచ్చు వచ్చిన ఆనందంలో ఈ మూలను వదిలేస్తారు. షార్జాలోని సాధారణ గదిలో రెండు వారాలు సెలవు పెట్టి ఊరెళ్లి వస్తే మూత లేని హెడ్ పరిస్థితి ఏమిటో ఊహించవచ్చు. డబ్బాలోనే హెడ్ ఉన్న పద్ధతిలో, పాడైతే డబ్బా మారిస్తే చాలు. ఓపెన్ సోర్స్ ప్రయత్నాలు ఎక్కువగా వాటినే పట్టుకోవడానికి ఇదొక మంచి కారణం. ఎప్సన్ తరహాలో హెడ్ యంత్రంలోనే ఉండిపోతే, అది మొరాయించినప్పుడు ఖర్చు యంత్రం ధరకు దగ్గర పడుతుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. అక్కడ పోరాటం చాలావరకు గెలిచినట్టే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టుక వెనకే ప్రింటర్ ఉంది. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు పంపేలా పాత ప్రింటర్ ప్రోగ్రామును రిచర్డ్ స్టాల్‌మన్ మార్చుకున్నారు. కొత్తదానికి సోర్స్ కోడ్ ఇవ్వలేదు. అడిగితే, రహస్య ఒప్పందం అన్నారు. ఆ అనుభవం ఆయన మనసులో నాటుకుంది. 1983లో ఆయన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు గ్నూ ప్రకటన వచ్చింది. ఈరోజు లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ అచ్చు పనిని నడిపే కప్స్ అందరికీ తెరిచిన ప్రోగ్రామే, 1999 నుంచీ. ఒకప్పుడు అక్షరాలు ప్రింటర్ లోపలి చిప్‌లో ఉండేవి. తెలుగు అచ్చు కావాలంటే సి-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు వంటి ప్రత్యేక ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు తెలుగు వత్తులైనా, స్థానాన్ని బట్టి రూపు మార్చుకునే అరబిక్ అక్షరాలైనా, హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము లైబ్రరీ కంప్యూటర్‌లోనే పేర్చేస్తుంది. ప్రింట్‌హెడ్‌కు చేరేది ఒట్టి చుక్కల పటం. ఏ భాషైనా దానికి ఒకటే. సొంత ప్రింటర్ చేసేవాళ్లకు ఇది వెలకట్టలేని సాయం.

2025లో పారిస్‌కు చెందిన ‘ఓపెన్ టూల్స్’ బృందం ‘ఓపెన్ ప్రింటర్’ను ప్రకటించింది. లోపల రాస్ప్‌బెర్రీ పై జీరో, కాగితపు చుట్టతోనూ పని చేసే అమరిక, విప్పి బాగుచేసుకోవడానికి వీలైన దేహం, బయటి సిరాను తిరస్కరించే తాళాలు లేవు. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ప్రింటర్లు కొన్ని ఉన్నట్టుండి ఇతర కంపెనీల డబ్బాలను తోసిపుచ్చిన రోజులను గుర్తున్నవాళ్లు ఈ కబురు వినగానే సంతోషించారు. నేనూ సంతోషించాను. అయితే రెండు విషయాలు సూటిగా చెప్పాలి. దాని నక్షాలకు ఎంచుకున్న లైసెన్సు వ్యాపార వినియోగాన్ని ఒప్పుకోదు. ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ నిర్వచనం అలాంటి షరతును అంగీకరించదు. దుబాయ్‌లో దేరా ప్రాంతంలోని చిన్న రిపేరు దుకాణం ఈ ప్రింటర్లను చేసి అమ్ముకోలేకపోతే, యంత్రం ఊళ్లలోకి ఎలా పాకుతుంది? రెండోది, హెడ్ మళ్లీ హెచ్‌పీదే. అమెరికాలో 63, ఐరోపాలో 302 నంబరు డబ్బాలు.

ఆ నంబర్లు ఎమిరేట్స్ వాళ్లకు వెంటనే అడ్డం పడతాయి. ఒకే కుటుంబపు డబ్బాకు మధ్యప్రాచ్యంలో 123 అని, మన దేశంలో 803 అని పేర్లు. ప్రాంతాన్ని బట్టి ప్రింటర్లూ డబ్బాలూ జతకట్టి అమ్ముతారు. హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న డబ్బా దుబాయ్‌లో కొన్న ప్రింటర్‌లో పని చేస్తుందన్న హామీ లేదు. ఓపెన్ ప్రింటర్‌లోని ప్రోగ్రాము మన చేతిలో ఉంటుంది కాబట్టి దానికి ఈ సరిహద్దులు చెరిపేసే అవకాశం ఉంది. ఎవరో కూర్చుని 123, 803 డబ్బాలను కొలిచి, పరీక్షించి, ఫలితం పంచుకోవాలి. ఎమిరేట్స్‌లో ఉన్న తెలుగువాళ్లకు రెండు ప్రాంతాల డబ్బాలూ చేతికి అందుతాయి. ఈ పనికి వాళ్ల కన్నా తగినవాళ్లు నాకు తోచడం లేదు.

అసలు కాగితమే పోతుంటే ఈ శ్రమ దేనికి అని అడిగేవాళ్లుంటారు. దుబాయ్ ప్రభుత్వం 2021 డిసెంబరులో తన పనులన్నీ కాగితం లేకుండా చేశానని ప్రకటించింది. 33.6 కోట్లకు పైగా కాగితాల వాడకం తగ్గిందని లెక్క చెప్పింది. మెచ్చుకోవలసిన పని. కానీ ఇంక్‌జెట్‌ను కాగితానికి కట్టేసి చూడకూడదు. ఇదే సూక్ష్మ బొట్టుతో సర్క్యూట్లు గీస్తున్నారు, ప్రయోగశాలల్లో జీవకణాలను అమరుస్తున్నారు, పొడి నుంచి అచ్చుమూసలు కడుతున్నారు. బొట్టును ఎవరు అదుపు చేయగలరో వాళ్ల చేతిలో చాలా పనిముట్లు ఉంటాయి. అందుకే హెడ్ విషయంలో రాజీతో ఆగిపోవడం నాకు సమ్మతం కాదు.

ఇక్కడ 1984 నాటి 12 నాజిళ్ల దగ్గరకు వెళ్దాం. ఆ తరం హెడ్ మీది పేటెంట్ల కాలం ఎప్పుడో తీరిపోయింది. దాని నిర్మాణం నేటి కొలతల ప్రకారం ముతకదే. నిరోధకాలు పెద్దవి, గీతలు వెడల్పైనవి. అబూధాబీలో ఖలీఫా విశ్వవిద్యాలయానికీ, న్యూయార్క్ యూనివర్సిటీ అబూధాబీ ప్రాంగణానికీ సూక్ష్మ నిర్మాణాల కోసం క్లీన్‌రూములు ఉన్నాయి. సిలికాన్ మీద లోహపు పొర వేయడం, కాంతితో పాలిమర్ గదులు చెక్కడం అలాంటి చోట్ల విద్యార్థులు నేర్చుకునే పనులే. 300 నాజిళ్ల హెడ్‌తో పోటీ పడనక్కర్లేదు. 12 నాజిళ్ల హెడ్‌ను మొదటి నుంచి చివరిదాకా చేసి, మాస్కుల పటాలూ, పొరల మందాలూ, సిరా పాళ్లూ, విఫలమైన పలకల ఫొటోలతో సహా బయటపెడితే, నిజమైన ఓపెన్ సోర్స్ ప్రింటర్‌కు మొదటి మెట్టు పడుతుంది. చవకగా మాత్రం రాదు. ఒక్కో హెడ్ బజారు డబ్బా కన్నా ఎన్నో రెట్లు ఖరీదు పడుతుంది. రెప్‌రాప్ తొలి యంత్రాలు కూడా బజారు వస్తువులతో ధరలోనూ నాణ్యతలోనూ పోటీ పడేందుకు పుట్టలేదు.

ఆ హెడ్‌తో తెలుగు అచ్చు ఎలా వస్తుందో కూడా లెక్క కట్టవచ్చు. అంగుళానికి 96 చుక్కలంటే 12 పాయింట్ల అక్షరానికి నిలువునా 16 వరుసలు. తలకట్టు, అక్షరం, గుడి, కింద వత్తు అన్నీ ఆ పదహారులోనే ఇమడాలి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటివి అలుక్కుపోతాయి. 18 పాయింట్లకు పెంచితే 24 వరుసలు వస్తాయి. ఒకటో తరగతి వాచకంలో వేసేంత అక్షరాలన్న మాట. కాగితాన్ని అర చుక్క జరిపి అదే పట్టీ మీద ఇంకోసారి పోతే వరుసలు రెట్టింపవుతాయి, అయితే ఆ తరపు బొట్టు వంద పికోలీటర్లకు పైబడిన లావుపాటిది కాబట్టి అంచులు అంత పదును తేలవు. మొదటి పరీక్ష పేజీకి 18 పాయింట్లే వాడమంటాను.